చూపు కూడా అమానతే

చలికాలంలో ఒక ఆదివారం ఉదయం ఉప్పల్, నాచారం ప్రాంతాలకు చెందిన నాలుగు కుటుంబాల వాళ్ళము, పిల్లలూ పెద్దలూ కలిసి పదిహేడు మందిమి, ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో రైలెక్కాము. మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్న ఛాయాచిత్ర ప్రదర్శనను పిల్లలకు చూపించాలన్నది మా సంకల్పం. 2015లో ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ మొదలైనప్పటి నుండి ఫోటోలంటే ఇష్టమున్న హైదరాబాదు వాసులకు ఆ భవనం బాగా పరిచయమైనదే. ఉప్పల్ నుండి మధ్యలో రైలు మారవలసిన పని లేదు. హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్, అమీర్‌పేట మీదుగా నీలిరంగు లైను నేరుగా అక్కడికి చేరుస్తుంది.

ఆ ప్రయాణమంతా మాలో దాదాపు అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. బొటనవేలు కదులుతూనే ఉంది. ఒక పెళ్ళి ఫోటో, ఒక రోడ్డు ప్రమాదం ఫోటో, ఒక బిర్యానీ ఫోటో, శిథిలాల నడుమ ఏడుస్తున్న ఒక పసివాడి ఫోటో, ఆ వెంటనే ఒక దుకాణం ప్రకటన. బిర్యానీకి ఎంత చూపు దక్కిందో ఆ పసివాడికీ అంతే దక్కింది. అప్పుడు మాకది తప్పుగా తోచలేదు.

నలభై నిమిషాలు, వందల ఫోటోలు

ప్రదర్శనశాలలోనూ మేము అదే వేగంతో నడిచాము. ఒక గది, మరొక గది, మెట్లు, మళ్ళీ గదులు. "బాగుంది", "అబ్బ", "ఇది ఎక్కడిదో" అనుకుంటూ నలభై నిమిషాలలో మొత్తం చుట్టేసి బయటికి వచ్చాము. టీ తాగుతుండగా తొమ్మిదవ తరగతి చదివే ఒక అమ్మాయి అడిగింది: "ఇంతసేపు చూశాము కదా, ఎవరికి ఏ ఫోటో గుర్తుంది?"

ఒకరు ఒంటె అన్నారు. ఇంకొకరు వర్షం అన్నారు. ఆ ఒంటె ఎక్కడ ఉంది, పక్కన ఎవరున్నారు అంటే చెప్పలేకపోయారు. వందల మంది మనుషుల ముఖాల ముందు నుండి నడిచి వచ్చాము. ఒక్క ముఖం కూడా మా వెంట రాలేదు.

ఇది మా ఒక్కరి బలహీనత కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, ప్రపంచ ప్రసిద్ధమైన ఒక చిత్రం ముందు మనిషి నిలబడే సమయం సగటున 27 సెకన్లు. సగం సందర్భాలలో అది 17 సెకన్లకు మించలేదు. అందులోనే పక్కనున్న వివరణ ఫలకాన్ని చదివిన సమయం కూడా కలిసి ఉంది. చేతిలోని ఫోన్‌లో ఒక ఫోటోకు మనమిచ్చే సమయం అందులో ఎన్నో వంతో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

మాతో వచ్చిన నానీమా మాత్రం మందలించలేదు. "మళ్ళీ లోపలికి పదండి. ఈసారి అందరికీ కలిపి ఒకటే ఫోటో. దాని ముందు పది నిమిషాలు. ఎవరూ మాట్లాడకూడదు" అన్నారు.

ఒకే ఫోటో ముందు పది నిమిషాలు

మేము ఎంచుకున్నది పెద్ద ఫోటో కాదు. నలుపు తెలుపుల్లో ఒక వీధి. ఒక నీళ్ళ ట్యాంకరు, దాని వెనుక బిందెల వరుస, బిందెల పక్కన ఆడవాళ్ళు. నాచారంలో ఎండాకాలం గడిపిన వారికి ఈ దృశ్యం కొత్త కాదు. మొదటిసారి చూసినప్పుడు "నీళ్ళ కష్టం" అని పేరు పెట్టి దాటిపోయినది కూడా అందుకే.

మొదటి రెండు నిమిషాలు విసుగుగా గడిచాయి. పిల్లలు కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డారు. మూడవ నిమిషంలో ఒక బాబు వరుసలో ఒకచోట బిందెకు బదులు రాయి ఉన్నదని వేలితో చూపించాడు. ఎవరో తమ వంతు పోకుండా రాయి పెట్టి వెళ్ళారు. ఆ రాయి వెనుక ఫోటోలో లేని ఒక మనిషి ఉన్నారు. బహుశా ఇంట్లో పసిబిడ్డ ఉన్న తల్లి కావచ్చు, పనికి వెళ్ళి ఇంకా రాని వారు కావచ్చు.

ఆ తరువాత తొమ్మిదవ తరగతి అమ్మాయి చూసింది: వరుస చివర నిలబడిన బాలిక ఒంటి మీద ఉన్నది స్కూలు యూనిఫాం. రెండు బిందెల మధ్య నేల మీద ఉన్న నల్లని ముద్ద పుస్తకాల సంచి. నీడలు పొడవుగా ఉన్నాయి కాబట్టి అది పొద్దుటి వేళ అయినా కావాలి, సాయంత్రమైనా కావాలి. జడలు ఇంకా చెదరలేదు, రిబ్బన్లు బిగుతుగా ఉన్నాయి. కాబట్టి అది ఉదయమే. వరుస పొడవును బట్టి చూస్తే ఆ అమ్మాయి మొదటి గంటకు బడికి చేరలేదు.

చివరికి నానీమా అన్నారు: "ముందున్న ఆమె గొట్టం వంక చూడటం లేదు. వెనక్కి తిరిగి ఆ పిల్లనే చూస్తోంది. తన వంతు ఇచ్చేద్దామా అని ఆలోచిస్తున్నట్టుంది."

పది నిమిషాల క్రితం "నీళ్ళ కష్టం" అన్న రెండు మాటలుగా ఉన్న ఫోటోలో ఇప్పుడు లేని మనిషి ఒకరు, ఆలస్యమైన పిల్ల ఒకతె, మనసు కరుగుతున్న తల్లి ఒకామె ఉన్నారు. ఫోటోలో కొత్తగా ఏమీ చేరలేదు. వారందరూ మొదటి నుండీ అక్కడే ఉన్నారు. వారి ముందు నిలబడని వాళ్ళము మేమే.

వెయ్యేళ్ళ నాటి పాఠం

ఈ రెండు రకాల చూపుల భేదాన్ని మన పూర్వీకులలో ఒక మహనీయుడు దాదాపు వెయ్యేళ్ళ క్రితమే శాస్త్రంగా వ్రాసి ఉంచారు. ఆయన ఇబ్నుల్ హైసమ్. సుమారు 965లో బస్రాలో జన్మించి, కైరోలో సుమారు 1040లో పరమపదించారు. వెలుగు వస్తువుల మీద పడి, అక్కడి నుండి కంటికి చేరడం వల్లనే చూపు కలుగుతుందని ప్రయోగాలతో నిరూపించినవారు ఆయన. చీకటి గది గోడకు సన్నని రంధ్రం ఉంటే బయటి వెలుగు లోపల ఎలా పడుతుందో పరిశీలించినవారూ ఆయనే. నేటి కెమెరాకు ఆ చీకటి గదే పూర్వరూపం. ఆయన గ్రంథం 'కితాబుల్ మనాజిర్'కు వెయ్యేళ్ళు నిండిన సందర్భాన్ని ఐక్యరాజ్య సమితి 2015లో జరిపిన అంతర్జాతీయ కాంతి సంవత్సరంలో స్మరించుకున్నారు.

ఆ గ్రంథంలో ఆయన చూపును రెండు విధాలుగా విభజించారు. ఒకటి కన్ను పడగానే కలిగే చూపు. దానికి వస్తువు ఆకారం, తెలిసిన పోలికలు మాత్రమే అందుతాయి. రెండవది తఅమ్ముల్, అంటే నిదానించి పరిశీలించే చూపు. అందులో కన్ను వస్తువు మీద ఒక్కో భాగానికీ కదులుతుంది, మనసు వాటిని పోల్చుకుంటుంది, తీర్పు చెబుతుంది. సూక్ష్మమైన విషయాలు ఈ రెండవ చూపుకే బయటపడతాయని ఆయన తేల్చారు.

ఒక విశ్వాసికి ఈ మాట కొత్తగా అనిపించనవసరం లేదు. సూరా అల్ ముల్క్ మూడు, నాలుగు ఆయత్‌లలో అల్లాహ్ తన సృష్టిని చూడమని ఆహ్వానిస్తూ ఒక్కసారి చూసి ఊరుకోమనలేదు. దృష్టిని మళ్ళీ మరలించమన్నాడు, ఆ తరువాత ఇంకా ఇంకా చూడమన్నాడు. సూరా అల్ గాషియాలో ఒంటెను, ఆకాశాన్ని, పర్వతాలను, నేలను చూపించి ఇవి ఎలా ఉన్నాయో గమనించరా అని ప్రశ్నించాడు. ఆ ఆయత్‌లను మొదట విన్న అరబ్బులకు ఒంటె ప్రతిరోజూ కనబడేదే. రోజూ కనబడేదానినే మనిషి చూడటం మానేస్తాడని సృష్టికర్తకు తెలియనిదా?

దృష్టిని దించుకోవడమంటే

అయితే ఇక్కడ ఒక సందేహం వస్తుంది. తిరుగు ప్రయాణంలో మా యువకులలో ఒకడు ఆ సందేహాన్నే లేవనెత్తాడు. "విశ్వాసులు తమ చూపులను దించుకోవాలని సూరా అన్నూర్‌లో ఆజ్ఞ ఉంది. మొదటి చూపు వెంట రెండవ చూపును పంపవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)కి బోధించారు. మరి మనుషుల ఫోటోలను ఇంతసేపు చూడమనడం ఎలా సబబు?"

ప్రశ్న సరైనదే. జవాబు ఆ ఆజ్ఞ ఉద్దేశంలోనే ఉంది. పరస్త్రీని గాని, పరపురుషుని గాని కోరికతో చూసే చూపును, ఇతరుల గుట్టును తొంగి చూసే చూపును ఇస్లాం నిషేధించింది. చిత్రాల విషయంలోనూ ఆ హద్దు హద్దే. దానికి ప్రదర్శనశాల అన్న మినహాయింపు లేదు. అటువంటి చిత్రం ఎదురైతే ముందుకు సాగిపోవడమే కర్తవ్యం. అయితే ఆ ఆయత్‌లో 'మిన్' అన్న పదం ఉందని, చూపులలో కొన్నింటినే దించుకోమన్నాడు గాని కళ్ళు మూసుకోమనలేదని అనేకమంది వ్యాఖ్యాతలు వివరించారు. దించుకోవలసిన చూపు ఎదుటి మనిషిని వస్తువుగా మారుస్తుంది. నిలపవలసిన చూపు ఎదుటివారిని మనిషిగా గుర్తిస్తుంది.

ఈ రెండవ చూపును అల్లాహ్ మన నుండి కోరుతున్నాడు కూడా. సూరా అల్ బఖరా 273వ ఆయత్‌లో కొందరు అగత్యపరుల ప్రస్తావన ఉంది. వారు చేయి చాచరు, పట్టుబట్టి అడగరు. వారి ఆత్మాభిమానం చూసి తెలియనివాడు వారిని కలిగినవారే అనుకుంటాడు. వారి ఆనవాళ్ళను బట్టి వారిని గుర్తించవచ్చునని ఆ ఆయత్ తెలుపుతోంది. నోరు విప్పని మనిషి అవసరాన్ని ఆనవాళ్ళను బట్టి గుర్తించాలంటే బొటనవేలి వేగంతో పరుగెత్తే చూపు చాలుతుందా?

ఉప్పల్ నేర్పే పాఠం

ఫోటోను నిదానంగా చూడటం వృత్తిగా గల వారు మా ఉప్పల్‌లోనే ఉన్నారు. భారత సర్వే శాఖ శిక్షణ సంస్థ ఇక్కడే ఉంది. పటాలు తయారుచేసే పనిలో ఉద్యోగ జీవితం గడిపిన ఒక పెద్దాయన ఆ రోజు మా వెంట ఉన్నారు. ఆయన చెప్పిన విషయం పిల్లలను ఆకట్టుకుంది.

విమానం నుండి నేలను ఫోటోలు తీసేటప్పుడు ప్రతి ఫోటోలోనూ దాదాపు 60 శాతం భాగం దాని తరువాతి ఫోటోలో కూడా వచ్చేలా తీస్తారు. అంటే ఒకే స్థలం రెండు చోట్ల నుండి చిత్రితమవుతుంది. ఆ రెండు ఫోటోలను స్టీరియోస్కోప్ అనే పరికరం కింద పక్కపక్కన ఉంచి, ఒక కంటితో ఒకదానిని, రెండవ కంటితో రెండవదానిని చూస్తారు. కాసేపు చదునుగానే కనిపిస్తుంది. ఓపికగా సర్దుకుంటే ఒక్కసారిగా గుట్టలు పైకి లేస్తాయి, వాగులు లోతుకు దిగుతాయి. ఇప్పుడు ఆ పనిని కంప్యూటర్ తెరల మీద చేస్తున్నా సూత్రం అదే. ఒక్క ఫోటోతో లోతు తెలియదు.

ఇంట్లో పిల్లలతో కలిసి ఫోటో చూడాలనడానికి ఇంతకన్నా మంచి కారణం అవసరం లేదు. బాబుకు రాయి కనిపించింది, అమ్మాయికి పుస్తకాల సంచి కనిపించింది, నానీమాకు ఒక తల్లి చూపు కనిపించింది. విశ్వాసి మరొక విశ్వాసికి అద్దమని మహాప్రవక్త (స) తెలిపారు. ఒకరి కంటికి అందనిది మరొకరి కంటికి అందుతుంది.

చాప మీద పరచిన చిత్రాలు

మరుసటి ఆదివారం నాచారంలోని ఒక ఇంట్లో మళ్ళీ కలుసుకున్నాము. ఈసారి పుస్తకాలలో ముద్రితమైన కొన్ని పాత ఫోటోలనూ, మా ఇళ్ళలోని కొన్ని ఫోటోలనూ తెచ్చుకున్నాము. గోడకు తగిలించడానికి పెద్దలు ఒప్పుకోలేదు. చిత్రాలున్న ఇంటిలోనికి దైవదూతలు ప్రవేశించరన్న హదీసు వారి మనసులో ఉంది. కెమెరా ఫోటోల విషయంలో పండితుల మధ్య భిన్నాభిప్రాయం ఉన్న సంగతి పాఠకులకు తెలిసినదే. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ, ఫోటో అంటే అద్దంలోని ప్రతిబింబాన్ని నిలిపి ఉంచడమే గాని సృష్టికి పోటీగా రూపం కల్పించడం కాదని వాదించి దానిని అనుమతించారు. మన దేశంలోని పలువురు ఉలమా అవసరమైన మేరకే దానిని అనుమతిస్తారు. మేము ఎవరి మనసూ నొప్పించకుండా ఫోటోలను చాప మీద పరచి చుట్టూ కూర్చున్నాము.

ముందుగా హైదరాబాదు ఫోటోల మాట వచ్చింది. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ అన్న బిరుదును పొందారు. రూపాలను తీర్చిదిద్దేవాడు అన్న అర్థంలో అల్ ముసవ్విర్ అల్లాహ్ శుభనామాలలో ఒకటి. ఆ దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియోను తెరిచి, దాని నిర్వహణను శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించారు. పరదా పాటించే మహిళలు పరపురుషుని కంట పడకుండా తమ చిత్రాలను తీయించుకోగలిగారు. ఎవరి ఫోటో తీస్తున్నామో వారి హయాను కాపాడటం ఫోటో తీసేవాని బాధ్యత అన్న గ్రహింపు నూట ముప్పై ఏళ్ళ క్రితమే మన నగరంలో ఉన్నదని దీనివల్ల తెలుస్తోంది.

ధాత కరువు నాటి ముఖాలు

ఆ తరువాత చూసినది చూడటానికి కష్టమైన చిత్రం. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాష్ట్రాన్ని కబళించిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు దానికి ఘోరంగా బలయ్యాయి. దక్షిణ భారతంలో లక్షలాది మంది మరణించారు. ఆ కాలంలో విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి కరువు బాధితుల ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్ళుగా మారిన స్త్రీలు, పురుషులు, పిల్లలు నేల మీద కూర్చుని ఉంటారు.

మొదటి చూపుకు కన్నీరు వస్తుంది. రెండవ చూపుకు వేరొక సంగతి తెలుస్తుంది. వారు అలా తమంతట తాము కూర్చున్నవారు కాదు. ఎవరో వారిని ఒక వరుసలో అమర్చారు. పొడుగువారిని వెనుక, పిల్లలను ముందు పెట్టారు. ఆనాటి కెమెరాకు అవసరమైనంతసేపు కదలకుండా ఉండమన్నారు. నిలబడే ఓపిక లేని మనుషులను ఫోటో కోసం ఓపిక పట్టమన్నారు. హూపర్ చిత్రాలపై ఆ రోజుల్లోనే విమర్శలు వచ్చాయి. ఫోటో తీసిన చేతులు అన్నం పెట్టాయా అన్నది ఆ విమర్శల సారాంశం. ఆ చిత్రాలు దూరదేశాల వారికి కరువు తీవ్రతను తెలిపాయన్నదీ నిజమే. ఈ రెండు నిజాలూ ఆ ఒక్క ఫోటోలోనే ఉన్నాయి.

అది చూస్తున్నప్పుడు మాలో ఒకరికి సహీహ్ ముస్లింలోని ఒక సంఘటన గుర్తుకు వచ్చింది. హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లా (రజి) దానిని ఉల్లేఖించారు. ఒక రోజు ముజర్ తెగకు చెందిన కొందరు పాదరక్షలు లేకుండా, చిరిగిన ఉన్ని గుడ్డలు చుట్టుకుని మదీనాకు వచ్చారు. వారి దుస్థితిని చూడగానే దైవప్రవక్త (స) ముఖం రంగు మారిపోయింది. ఆయన లోపలికి వెళ్ళి తిరిగి వచ్చారు. అజాన్ ఇవ్వమని బిలాల్ (రజి)ను ఆదేశించారు. నమాజు తరువాత ప్రజలను దానానికి ప్రోత్సహించారు. ఒక అన్సారీ సహచరుడు చేతితో మోయలేనంత బరువైన సంచిని తెచ్చాడు. చూస్తుండగానే ఆహారం, బట్టలు రెండు కుప్పలయ్యాయి. అప్పుడు ఆయన ముఖం బంగారంలా మెరిసింది.

ఆ చూపు ఎంతసేపు పట్టిందో ఉల్లేఖనంలో లేదు. అది ఎక్కడిదాకా వెళ్ళిందో ఉంది. ముందు ముఖాన్ని మార్చింది, తరువాత అడుగును కదిలించింది, చివరికి ఆకలి తీర్చింది.

ఆ తరువాత మా ఫోటో

చివరగా చాప మీదికి వచ్చిన ఫోటో మాదే. గడచిన రమజాన్‌లో మేమందరం చందాలు పోగుచేసి నాచారం పారిశ్రామికవాడ పరిసరాలలోని కొన్ని కూలీ కుటుంబాలకు రేషన్ సంచులు పంచాము. బియ్యం, పప్పు, నూనె, ఖర్జూరాలు. పంపిణీ రోజున ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులలో పెట్టాము. "మాషా అల్లాహ్" అంటూ జవాబులు వచ్చాయి. మరికొందరు చందాలు పంపారు. ఇది మంచి ఫోటో అని అనుకున్నాము. పిల్లలకు సంతోషకరమైన చిత్రంతో ముగింపు పలకాలని దానిని చివర పెట్టాము.

పది నిమిషాల నియమం మాకు అలవాటయింది కదా. మౌనంగా చూడసాగాము.

మధ్యలో మేము ఉన్నాము. మా ముఖాలన్నీ కెమెరా వైపు ఉన్నాయి, నవ్వుతూ ఉన్నాయి. సంచులు పుచ్చుకున్న వారి ముఖాలలో కెమెరా వైపు ఉన్నవి రెండే. ఒక మహిళ సంచిని పైకెత్తి పట్టుకున్నది. బరువు వల్ల అనుకున్నాము. కాదు, ఆ సంచితో ముఖాన్ని దాచుకుంటోంది. ఒక పెద్దాయన పక్కకు తిరిగి నిలబడ్డారు. ఎవరితోనో మాట్లాడుతున్నారేమో అనుకున్నాము. ఆయన పక్కన ఎవరూ లేరు. సంచికి ఒక చివర మా చేయి ఉంది, మరొక చివర ఆయన చేయి ఉంది. ఫోటో పూర్తయ్యేదాకా మేము సంచిని వదలలేదు.

అప్పుడు మాలో పన్నెండేళ్ళ బాబు నెమ్మదిగా అన్నాడు: "ఆయన వెనుక నేల చూపులు చూస్తున్నవాడు మా మక్తబ్‌లో చదివేవాడు. రమజాన్ తరువాత రావడం మానేశాడు."

ఆ పిల్లవాడు ఎందుకు రావడం లేదని మేము పలుమార్లు మాట్లాడుకున్నాము. చదువు మీద శ్రద్ధ లేదని తేల్చుకున్నాము కూడా. తోటి పిల్లల ఇళ్ళలోని ప్రతి ఫోన్‌లోనూ తన తండ్రి చేయి చాచిన ఫోటో ఉండగా అదే చాప మీద వారి పక్కన ఎలా కూర్చోగలడన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. అతని ముఖం అంతకాలం మా ఫోన్లలోనే ఉంది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. కరువు ఫోటోలోని మనుషులను వరుసలో అమర్చినవాడిని పావుగంట క్రితమే మేము తప్పుపట్టాము.

దానం చేసినవారు దెప్పిపొడుపుతోను, మనసు నొప్పించడంతోను తమ దానాలను వ్యర్థం చేసుకోవద్దని సూరా అల్ బఖరా 264వ ఆయత్ హెచ్చరిస్తోంది. బహిరంగంగా ఇవ్వడం కూడా మంచిదేనని, రహస్యంగా పేదలకు ఇవ్వడం మరింత శ్రేష్ఠమని 271వ ఆయత్ తెలుపుతోంది. ప్రళయదినాన దైవసింహాసనపు నీడ పొందే ఏడు రకాల మనుషులలో కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియనివ్వని దాత ఒకడని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఈ ఆయత్‌లను, ఈ హదీసును మేము ఎరగనివాళ్ళము కాము. రేషన్ పంచిన రోజు కూడా వాటినే చదివి ప్రారంభించాము. మాకు లోపించినది జ్ఞానం కాదు. మేము తీసిన ఫోటోను మేమే చూడలేదు.

ఇంటింటా చేయదగినది

ఆ సాయంత్రం మగ్రిబ్ తరువాత మాలో ఇద్దరు ఆ తండ్రి దగ్గరికి వెళ్ళారు. ఫోటో విషయంలో తప్పు జరిగిందని, క్షమించమని అడిగారు. ఆయన చాలాసేపు తల వంచుకుని ఉండి, "బియ్యం మంచివే ఇచ్చారు భాయ్" అని మాత్రం అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. పిల్లవాడు బయటికి రాలేదు.

మా ఇళ్ళలో ఇప్పుడు కొన్ని నియమాలు పెట్టుకున్నాము. పాఠక సోదర సోదరీమణులకు అవి ఉపయోగపడవచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదటిది, వారానికి ఒక ఫోటో. ఇషా తరువాత కుటుంబమంతా కూర్చుని ఒకే ఫోటోను పది నిమిషాలు మౌనంగా చూడటం, ఆ తరువాత ఒక్కొక్కరు తమకు కనిపించినది చెప్పడం. చిన్నవారు ముందు, పెద్దవారు చివర. పెద్దలు ముందు చెబితే పిల్లలు వారి కళ్ళతోనే చూస్తారు. వార్తాపత్రికలోని ఫోటో అయినా చాలు. ప్రదర్శనకే వెళ్ళనక్కరలేదు.

రెండవది, కనిపించినదీ ఊహించినదీ వేరుచేసి చెప్పడం. యూనిఫాం కనిపించింది, బడికి ఆలస్యమైందన్నది మన ఊహ. ఈ తేడా తెలిసిన పిల్లలు రేపు ఏదైనా ఫోటోను చూపించి ఎవరి మీదనైనా ద్వేషం రగిలించబోతే, నిర్ధారించుకోనిదే నమ్మరు. నిర్ధారణ లేకుండా వార్తను స్వీకరించవద్దన్న సూరా అల్ హుజురాత్ బోధకు ఇది ఇంట్లోనే దొరికే శిక్షణ.

మూడవది, మనిషి ఉన్న ఏ ఫోటోనైనా ఇతరులకు పంపే ముందు, అందులోని ప్రతి ముఖం దగ్గరా ఒక్క క్షణం ఆగడం. ఈ ముఖం నాదైతే, నా బిడ్డదైతే దీనిని పంపుతానా అని అడుగుకోవడం. సహాయం అందుకునే వారి ఫోటో అయితే అసలు తీయకపోవడం. లెక్కలు చూపవలసి వస్తే బియ్యం బస్తాల ఫోటో చాలు, కొన్న రసీదు చాలు.

అబ్దుల్ ఖైస్ తెగ ప్రతినిధిగా వచ్చిన అషజ్ (రజి)తో దైవప్రవక్త (స), అల్లాహ్‌కు ప్రియమైన రెండు గుణాలు నీలో ఉన్నాయని చెప్పారు. ఒకటి సహనం, రెండవది నిదానం. నిదానాన్ని మనం మాటలలో, కోపంలో, బేరంలో పాటించాలని పిల్లలకు చెబుతుంటాము. చూపులో కూడా పాటించాలని చెప్పడం మరచిపోయాము. వినికిడి, చూపు, హృదయం, వీటన్నింటి గురించీ విచారణ జరుగుతుందని సూరా బనీ ఇస్రాయీల్ 36వ ఆయత్ స్పష్టం చేస్తోంది. చూడకూడనిది ఎందుకు చూశావన్న ప్రశ్నకు మనమందరం భయపడతాము. చూడవలసినది ఎందుకు చూడలేదన్న ప్రశ్న కూడా అందులో ఉంటుందని ఆ ఆదివారమే మాకు తట్టింది.

ఆ పిల్లవాడు ఇంకా మక్తబ్‌కు రావడం లేదు. మా బాబు ప్రతి శుక్రవారం వాళ్ళ ఇంటి దాకా వెళ్ళి, కాసేపు ఆడుకుని వస్తున్నాడు. ఇన్షా అల్లాహ్, ఒక రోజు వస్తాడని ఆశిస్తున్నాము. మా గ్రూపులలో ఆ ఫోటోను తొలగించాము, ఇతరులనూ తొలగించమని కోరాము. అయినా అది ఇంకా ఎన్ని ఫోన్లలో ఉందో మాకు తెలియదు. అటువంటి ఫోటో మీ ఫోన్‌లో ఉంటే దయచేసి ఒక్కసారి నిదానంగా చూడండి. ఆ తరువాత తీసివేయండి.